పులుసుకు జంకని ఇనుము

చింతపండు పులుసును పూత లేని ఇనుప మూకుట్లో అరగంట మరిగిస్తే పులుసు నల్లబడుతుంది, నాలుకకు ఇనుప రుచి తగులుతుంది. అదే పులుసును మసకబారిన అల్యూమినియం గిన్నెలో కాస్తే, పులుసు తాకినంత మేరా గిన్నె లోపలి గోడ తెల్లగా మెరుస్తుంది. గిన్నె శుభ్రపడిందని సంబరపడతాం. నిజానికి గోడ మీది పలచటి లోహపు పొర కరిగి కూరలోకి దిగింది కనకే ఆ మెరుపు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా కరిగిస్తుంది, కరిగిన ఇనుము చింతపండులోని వగరు పదార్థాలతో కలిసి నల్లటి రంగు కడుతుంది. గోంగూర, మామిడికాయ, టమాటా, నిమ్మరసం, పుల్లటి మజ్జిగ, ఏదైనా సరే లోహంతో ఇదే తగువు.

మన వంటలో పులుపు లేని పూట అరుదు. అందుకే పాత్రల విషయంలో మనవాళ్లు ఎప్పుడూ ఈ తగువును తీర్చే పనిలోనే ఉన్నారు. పప్పుపులుసుకు రాచిప్ప, చేపల పులుసుకు మట్టి చట్టి, ఊరగాయకు జాడీ. ఇత్తడి గిన్నె తప్పదనుకున్నప్పుడు లోపల కళాయి. కళాయివాడు గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరపు ముక్క రుద్ది, దూదితో గిన్నె నిండా పులిమేవాడు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి పని సులువు. కరగటం ఎంత సులువో అరగటమూ అంతే, అందుకే కొన్ని నెలలకోసారి అతను మళ్లీ వీధిలోకి రావాల్సి వచ్చేది. కళాయి పోయిన ఇత్తడిలో పులుసు కాచకూడదని, చిలుము దిగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు కచ్చితంగా చెప్పేవారు.

ఒషావాకు రాచిప్పలు తెచ్చుకునేవాళ్లు తక్కువ, కళాయి వేసేవాళ్లు అసలే లేరు. టొరంటోకు తూర్పున, అంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఈ ఊరికి చదువుకోసం వచ్చినవాళ్లు ఒక ప్రెషర్ కుక్కరు, రెండు హిండాలియం గిన్నెలు, ఒక పెనంతో సూట్‌కేసు దించుకుంటారు. ఉద్యోగం వచ్చి, ఇల్లు కొని, పిల్లలు పుట్టాక కూడా ఆ గిన్నెలే చాలా ఇళ్లలో నడుస్తుంటాయి. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి ఆహారంలోకి సీసం దిగే ప్రమాదం ఉందన్నది దాని సారాంశం. అన్ని హిండాలియం గిన్నెలూ అలాంటివని దాని అర్థం కాదు. అయితే ఏ గిన్నెలో ఏ తుక్కు కరిగించి పోశారో కంటితో చూసి చెప్పలేం. పసిపిల్లలున్న ఇంట్లో, పులుసు రోజూ ఉడికే ఇంట్లో, ఇది కొట్టిపారేసే మాట కాదు. పులుసు, చారు, గోంగూర లాంటి వాటికైనా గిన్నె మార్చుకోవాలి అనుకున్నప్పుడు ముందుకొచ్చే మంచి దారుల్లో ఒకటి ఎనామిల్ పూత వేసిన పోత ఇనుప కుండ. ఇక్కడి దుకాణాల్లో ఎర్రగా, నీలంగా, నారింజ రంగులో బరువుగా కూర్చుని ఉంటుంది, డచ్ ఓవెన్ అంటారు.

ఇందులోని ఇనుము బూడిదరంగు పోత ఇనుము. ఇనుములో 3 శాతం పైచిలుకు కార్బన్, కొంత సిలికాన్ కలిసి ఉంటాయి. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కార్బన్ ఇంత కలిస్తే 1200 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగి నీళ్లలా పారుతుంది, అచ్చులో మూలమూలకూ చేరుతుంది. తెలంగాణలో కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాల్లో మూసల్లో తీసిన పేరుపొందిన ఉక్కులో కార్బన్ ఇందులో సగం లోపే. దాన్ని సాగగొట్టి కత్తి చేయవచ్చు. పోత ఇనుమును సుత్తితో కొడితే పగులుతుంది, ఎందుకంటే కార్బన్ దాని లోపల సన్నటి గ్రాఫైట్ రేకులుగా విడిపోయి ఉంటుంది. ప్రతి రేకూ పుట్టుకతోనే ఉన్న ఒక చిన్న పగులు లాంటిది.

పోత ఇనుప కుండ ఇంటింటికీ చేరటానికి మొదటి మెట్టు 1707. ఆ ఏడాది ఇంగ్లండులో అబ్రహాం డార్బీ ఇసుక అచ్చుల్లో పలచటి ఇనుప కుండలు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రెండేళ్లకు కోల్‌బ్రూక్‌డేల్‌లో బొగ్గును కోక్‌గా మార్చి ఇనుము కరిగించాడు. చరిత్ర పుస్తకాలు ఈ రెండో సంగతినే ఎక్కువ చెబుతాయి. వంటింటి వైపు నుంచి చూస్తే మొదటిదే పెద్దది. ఇనుము మీద రంగురంగుల గాజు పూతతో ఇప్పుడు మనం చూస్తున్న కుండకు వచ్చేసరికి 1925 అయింది. ఉత్తర ఫ్రాన్సులోని ఫ్రెనోయ్-ల-గ్రాన్ ఊళ్లో అర్మాన్ దెసాజే, ఆక్టావ్ ఒబెక్ అనే ఇద్దరు బెల్జియం వాళ్లు ల క్రూసే కంపెనీ పెట్టారు. ఒకరిది పోత పని, ఇంకొకరిది ఎనామిల్ పని. స్టౌబ్ కంపెనీ 1974లో అల్సాస్‌లో మొదలైంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రపు లాడ్జ్ 1896 నుంచి పోత ఇనుము పోస్తోంది.

ఒషావా కూడా ఇనుము కరిగించిన ఊరే. మెక్‌లాఫ్లిన్ కుటుంబం గుర్రపు బగ్గీల నుంచి 1907లో మోటారు కార్లకు మారటం, 1918లో అది జనరల్ మోటార్స్ ఆఫ్ కెనడా కావటం ఇక్కడ అందరికీ తెలిసిన కథ. దాని పక్కనే 1872లో పుట్టిన అంటారియో మాలియబుల్ ఐరన్ కంపెనీ గురించి చెప్పేవాళ్లు తక్కువ. మాలియబుల్ ఇనుమంటే పోత ఇనుమునే రోజుల తరబడి కొలిమి వేడిలో ఉంచి, లోపలి కార్బన్‌ను ముద్దలుగా మార్చి, పెళుసుతనం తీసేసింది. బండి విడిభాగం దెబ్బ తగిలితే వంగాలి గానీ విరగకూడదు, అందుకే ఆ శ్రమ. మన కుండకు ఆ శ్రమ పెట్టరు. వంటింట్లో దానికి దెబ్బలు తినే పని లేదు. కాబట్టి ఐదు కిలోల కుండ టైల్స్ నేల మీద పడితే టైలూ పగలవచ్చు, కుండా పగలవచ్చు. బరువైనది గనక మొండిదని అనుకోకూడదు.

ఇక గాజు సంగతి. ఈ కుండను అర్థం చేసుకోవటమంటే ఈ పూతను అర్థం చేసుకోవటమే. ఇసుక, బోరాక్స్, సోడా, ఫెల్డ్‌స్పార్ లాంటివి కలిపి కరిగించి, ఆ గాజును నీళ్లలో చల్లార్చి, పిండిగా నూరతారు. నీటితో కలిపిన ఆ పిండిని కుండ మీద చల్లి, ఆరబెట్టి, దాదాపు 800 డిగ్రీల కొలిమిలో పెడతారు. పిండి కరిగి గాజై ఇనుమును పట్టుకుంటుంది. సాధారణంగా ఒకటికి మించి పూతలు వేస్తారు. జాడీ లోపలి నునుపైన పొరకూ దీనికీ చుట్టరికం ఉంది. అక్కడ మట్టి మీద గాజు, ఇక్కడ ఇనుము మీద గాజు. ఆవకాయ ఏడాది పాటు కూర్చున్నా జాడీ చెక్కు చెదరకపోవటానికి కారణం ఏదో, పులుసు ఈ కుండను ఏమీ చేయలేకపోవటానికి కారణమూ అదే.

అయితే మట్టికి లేని చిక్కు ఒకటి ఇనుముకు ఉంది. వేడికి బాగా సాగుతుంది, చలికి బాగా ముడుచుకుంటుంది. కొలిమిలోంచి బయటికి వచ్చిన కుండ చల్లారేటప్పుడు ఇనుమూ గాజూ రెండూ కుంచించుకుపోతాయి. ఇనుము కొంచెం ఎక్కువ కుంచించుకునేలా గాజు పాళ్లను ముందే లెక్కవేసి కలుపుతారు. ఫలితంగా గది వేడిమికి వచ్చేసరికి గాజు పొర నాలుగు వైపుల నుంచీ నొక్కుడులో చిక్కుకుని ఉంటుంది. ఇది లోపమేమీ కాదు, కావాలని చేసిన ఏర్పాటు. గాజు నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడును మాత్రం ఓర్చుకోలేదు. ముందే నొక్కి ఉంచిన గాజును పగలగొట్టాలంటే మొదట ఆ నొక్కుడు పోవాలి, ఆ తర్వాత లాగుడు మొదలవ్వాలి. ఆ దూరమే మనకున్న వెసులుబాటు.

వెసులుబాటు ఎప్పుడు ఖర్చవుతుందో ఇప్పుడు సులభంగా చెప్పవచ్చు. కాలిన ఖాళీ కుండలో కుళాయి నీళ్లు పోస్తే గాజు పైపొర క్షణంలో ముడుచుకోబోతుంది, కింద వేడిగా ఉన్న ఇనుము దాన్ని ముడుచుకోనివ్వదు. పైపొర లాగుడులో పడుతుంది, వెంట్రుక మందాన గీతలు పడతాయి, కొన్నాళ్లకు పెచ్చు లేస్తుంది. ఖాళీ కుండను పెద్ద మంట మీద పెట్టినప్పుడు ఇబ్బంది వేరే దారిలో వస్తుంది. అడుగు సాగుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి, ఆ మధ్యలోని గాజు ఇరుకున పడుతుంది. కెనడాలో ఇంకో రెండు సందర్భాలు కలుస్తాయి. జనవరిలో మైనస్ 15లో రాత్రంతా కారు డిక్కీలోనో గరాజ్‌లోనో ఉన్న కుండను తెచ్చి నేరుగా పొయ్యెక్కించటం ఒకటి. విందు రోజున వంట త్వరగా చల్లారాలని కాలుతున్న కుండను డెక్ మీది మంచులో పెట్టటం రెండోది. మొదటి దానికి గంటా రెండు గంటలు గదిలో ఉంచితే చాలు. రెండోది అసలు చేయవద్దు.

ఇనుప కుండ వేడిని అన్ని వైపులా సమానంగా పంచుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. ఈ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఉష్ణ వాహకత అంకెల్లో చూస్తే రాగి దాదాపు 400, అల్యూమినియం 235 దరిదాపు, పోత ఇనుము 50 చుట్టూ. స్టెయిన్‌లెస్ స్టీలు 15 మాత్రమే, అందుకే మంచి స్టీలు గిన్నెల అడుగున అల్యూమినియం పలక అతికిస్తారు. అంటే పోత ఇనుము వేడిని పక్కలకు చేరవేయటంలో అల్యూమినియంకు నాలుగో వంతు కూడా కాదు. చిన్న బర్నరు మీద పెద్ద కుండ పెట్టి హడావిడిగా ఉల్లిపాయలు వేస్తే నడుమ మాడతాయి, అంచున పచ్చిగా ఉంటాయి. సమానంగా కాగటం ఈ కుండకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు నూనెతో సహా కాగనిస్తే మనం ఇచ్చే గుణం.

వేడిని నిలుపుకుంటుందనే మాటలో మాత్రం నిజం ఉంది, దాన్నీ కొలిచి చూద్దాం. ఒక గ్రాము ఇనుమును ఒక డిగ్రీ వేడెక్కించటానికి 0.46 జౌళ్లు చాలు, అల్యూమినియంకు 0.9 కావాలి. గ్రాముకు గ్రాము ఇనుమే తక్కువ దాచుకుంటుంది. ఐదు కిలోల ఇనుము వాడతాం కాబట్టి లెక్క తిరగబడుతుంది. ఆ కుండ 200 డిగ్రీలకు కాగి ఉందనుకుందాం. అది నూరు డిగ్రీలకు దిగేలోపు దాదాపు 230 కిలోజౌళ్లు వదలగలదు. 800 గ్రాముల పలచటి అల్యూమినియం మూకుడు అదే పరిస్థితిలో వదలగలిగేది 72. ఫ్రిజ్‌లోంచి తీసిన కిలో కోడిమాంసం 70 డిగ్రీలకు చేరటానికి కావాల్సింది ఇంచుమించు 230. పలచటి గిన్నెలో చల్లటి మాంసం వేయగానే గిన్నె చల్లబడి, ముక్కలు నీరు వదిలి, ఆ నీటిలోనే తెల్లగా ఉడకటం ఎందుకో ఈ అంకెలు చెబుతాయి. మందపు కుండలో ముక్క ఎర్రగా వేగుతుంది, మసాలా అడుగున పట్టి రంగు తిరుగుతుంది, తర్వాత పోసిన నీళ్లలో ఆ రంగంతా కరిగి గ్రేవీలోకి వస్తుంది.

కానీ మూడు లీటర్ల పులుసు నిండి ఉన్నప్పుడు కథ వేరు. ఐదు కిలోల ఇనుము 20 నుంచి 100 డిగ్రీలకు చేరేలోపు దాచుకునే వేడి, సుమారు అర లీటరు నీరు దాచుకునేంతే. పులుసు స్వయంగా దానికి ఐదారు రెట్లు దాచుకుంటుంది. పైగా గాజు పూత వేసిన గోడ, మెరిసే స్టీలు గోడకంటే ఎక్కువ వేడిని చుట్టూ వెదజల్లుతుంది. కుండ దించి గంటయినా పులుసు పొగలు కక్కుతోందంటే అందులో పెద్ద వాటా పులుసుదీ, ఆవిరిని బయటికి పోనివ్వని బరువైన మూతదీ. ఇంకాసేపు వేడిగా ఉండాలంటే మందపాటి తువ్వాలు కప్పండి, ఇంకో వంద డాలర్లు పెట్టి ఇంకా బరువైన కుండ కొనటం కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ఈ బరువు ఒషావా వంటింట్లో మరో రకంగా ఆదుకుంటుంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఉన్నది కరెంటు పొయ్యి, పైన నల్ల గాజు పలక. నంబరు మూడుకు తిప్పితే అది సన్నగా మండదు. కొన్ని సెకన్లు పూర్తి వేడితో ఎర్రబడి, తర్వాత ఆరి, మళ్లీ ఎర్రబడుతూ సగటున సన్నసెగ ఇస్తుంది. పలచటి గిన్నెలో పప్పు ఆ తాళానికి తగ్గట్టు ఒకసారి కుతకుతలాడి, ఒకసారి ఊరుకుని, అడుగంటుతుంది. మందపు ఇనుము ఆ ఎగుడుదిగుళ్లను తనలో కలిపేసుకుని పైకి నిలకడైన సెగ పంపుతుంది. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకూ నిశ్చింత, ఇనుము అయస్కాంతానికి అంటుకునే లోహం కాబట్టి నేరుగా కుండ అడుగే వేడెక్కుతుంది. కాకపోతే ఇండక్షన్ దూకుడు ఎక్కువ. ఖాళీ కుండను బూస్ట్ మీద పెట్టవద్దు. గాజు పలక మీద కుండను ఈడ్చవద్దు, ఎత్తి పెట్టండి. గాజు గాజును గీస్తుంది.

సమయాన్ని బట్టి కరెంటు ధర మారే పద్ధతిలో ఉన్న అంటారియో ఇళ్లకు చలికాలంలో పనిరోజుల్లో ఉదయం 7 నుంచి 11, సాయంత్రం 5 నుంచి 7 వరకు ధర ఎక్కువ. రాత్రి 7 దాటాక, వారాంతాల్లో తక్కువ. మూడు గంటలు సన్నసెగ మీద ఉడికే మటన్, ఆదివారం ఓవెన్‌లో పెట్టే బిర్యానీ ఈ కుండకు సరిపోయే వంటలు. కందిపప్పు ఉడకబెట్టటానికి మాత్రం దీన్ని వాడమని చెప్పను. కుక్కరులో పీడనం వల్ల నీరు 120 డిగ్రీల దాకా వెళ్లి పది నిమిషాల్లో పని ముగిస్తుంది. ఇదే రాష్ట్రంలో ఒటావాలో పుట్టి 2010లో బజారుకొచ్చిన ఇన్‌స్టంట్ పాట్ అయినా, మన విజిల్ కుక్కరైనా పప్పుకు అవే సరి. ఉడికిన పప్పును ఈ కుండలోకి మార్చి, పప్పుగుత్తితో మెదిపి, చింతపండు రసం పోసి మరిగించండి. పప్పుగుత్తి కర్రది కాబట్టి గాజుకు ఏ భయమూ లేదు.

బెండకాయ పులుసుతో ఒకసారి దగ్గరగా చూద్దాం. సన్నటి మంట మీద కుండ పెట్టి, వెంటనే రెండు మూడు చెంచాల నూనె పోయాలి. నాలుగైదు నిమిషాలకు నూనె పలచబడి అడుగంతా పారుతుంది. ఒక్క ఆవగింజ వేసి చూస్తే చిటపటమనాలి, పొగ రాకూడదు. పొగ వస్తే కుండ అవసరానికి మించి కాగిందన్నమాట, అప్పుడు పోపు మాడుతుంది, ఇనుము త్వరగా చల్లారదు కాబట్టి మంట తగ్గించినా మాడుతూనే ఉంటుంది. పక్కకు దించి రెండు నిమిషాలు ఆగటమే మార్గం. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక ఉల్లిపాయలు. తర్వాత బెండకాయ ముక్కలను జిగురు పోయేదాకా వేయించాలి. ఇప్పుడు పోసే చింతపండు రసం గోరువెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన రసాన్ని గుమ్మరించవద్దు, గాజు మాట పైన చెప్పుకున్నదే. చివర బెల్లం వేశాక మూత కాస్త ఓరగా పెట్టి, బుడగలు అక్కడక్కడా పైకి తేలేంత సెగలో వదిలేస్తే పులుసు దానంతట అది చిక్కబడుతుంది.

చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుందని మనందరికీ తెలుసు. అల్యూమినియంలో రాత్రంతా ఉంచకూడదు, ఇందులో ఉంచవచ్చు. అయితే పొయ్యి మీదే వదిలేయటానికి లేదు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిమిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, అందుకే వండినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టమని ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. మందపు కుండ నెమ్మదిగా చల్లారుతుంది, కాబట్టి మిగిలిన పులుసును వెడల్పైన గాజు డబ్బాల్లోకి తీసి చల్లార్చటం మేలు. చల్లారాక కావాలంటే మళ్లీ కుండలోకి పోసుకోవచ్చు. ఉదయం ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పొయ్యి మీద పెట్టకుండా కొంతసేపు బయట ఉంచితే చాలు.

దమ్ బిర్యానీకి ఈ కుండ నిజంగా పుట్టినట్టే ఉంటుంది. హైదరాబాదులో దేగ్ కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టి రెండు వైపుల నుంచీ వేడి ఇస్తారు. కరెంటు పొయ్యికి కింద నుంచి ఇవ్వటం ఒక్కటే తెలుసు. ఓవెన్‌లో పెడితే పైనా పక్కలా కిందా ఒకే వేడి. మారినేట్ చేసిన మాంసం, మీద ముప్పాతిక ఉడికిన బియ్యం, మూత అంచున గోధుమపిండి. పొయ్యి మీద మధ్యస్థంగా అడుగు కాగాక 350 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 175 డిగ్రీల ఓవెన్‌లోకి. ముందు మూత పిడి చూసుకోండి. కొన్ని కుండల నల్ల ప్లాస్టిక్ పిడి 190 డిగ్రీలకు మించి తట్టుకోదు, లోహపు పిడి ఎంతకైనా తట్టుకుంటుంది. పిడి మర మీద బిగించి ఉంటుంది కాబట్టి మార్చుకోవచ్చు.

దోసెకు ఈ పూత పనికిరాదు. గాజు మీద నూనె పట్టుకుని నిలవదు, పూత లేని ఇనుప పెనం మీద మాత్రం ఏళ్ల తరబడి నూనె కాలి గట్టిపడి పొరగా మారుతుంది, దోసె ఊడిరావటం దాని చలవే. కొత్తగా ఎనామిల్ పెనం కొని దోసె అంటుకుంటోందని దిగులుపడేవాళ్లకు నేను చెప్పేది, అమ్మ ఇచ్చిన పెనం బయటికి తీయమని. వేపుళ్లకూ, బజ్జీలకూ కూడా పాత మూకుడే నయం.

కొనేటప్పుడు రంగు చివర చూడండి, బరువు ముందు చూడండి. నలుగురున్న ఇంటికి 26 సెంటీమీటర్ల గుండ్రటి కుండ, ఐదు లీటర్ల పైచిలుకు, సరిపోతుంది. మూతతో కలిపి ఐదు కిలోలు తూగుతుంది. నాలుగు లీటర్ల చారు పోస్తే తొమ్మిది కిలోలు దాటుతుంది, అదీ మరుగుతున్నది. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మో అత్తగారో రోజూ వంటచేసే ఇల్లయితే 22 లేదా 24 సెంటీమీటర్లది తీసుకోవటం మంచిది. దుకాణంలోనే రెండు చేతులా ఎత్తి చూడమనండి. చెవులు వెడల్పుగా ఉండి, మందపాటి ఓవెన్ చేతి తొడుగుతో సహా నాలుగు వేళ్లూ దూరాలి. అడుగు చదునుగా ఉందో లేదో గాజు పలక మీద పెట్టి తడితే తెలుస్తుంది. లోపలి పూత లేతరంగుదైతే పోపు రంగు తిరగటం కళ్లకు కనిపిస్తుంది, కానీ పసుపు మరక పడుతుంది. నల్లటి మసక పూతైతే మరక కనిపించదు, కానీ ఉల్లిపాయ మాడుతోందో లేదో కూడా కనిపించదు. తాలింపు పెట్టే వంటింటికి నా ఓటు లేతరంగుకే.

ధరలో తేడా ఎక్కువ. ఫ్రెంచి కుండకు ఇక్కడ వందల డాలర్లు పోయాలి, చైనాలో పోసిన కుండ అందులో చిన్న భాగానికి దొరుకుతుంది. వేడి విషయంలో ఇనుము ఇనుమే, రెండింటికీ తేడా చాలా తక్కువ. డబ్బుకు వచ్చేది పూత నాణ్యత, అంచుల నునుపు, పెచ్చు లేస్తే మార్చి ఇచ్చే హామీ. రోజూ పులుసు కాచే ఇల్లయితే పూత మీద ఖర్చు పెట్టటంలో అర్థముంది. నెలకు రెండుసార్లు బిర్యానీ కోసమైతే అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు లోపలి గాజును వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి. మెరుపు పోయి గరుకుగా ఉన్నా, వెంట్రుక గీతలున్నా వదిలేయండి. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు కాడ్మియం సమ్మేళనాలు వాడటం గాజు పరిశ్రమలో పాత పద్ధతి. పేరు తెలియని పాత కుండకు లోపల కూడా ఆ రంగులే ఉంటే పులుసు కాచవద్దు.

పసుపు మరక గురించి అందరూ అడుగుతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది, పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది. వంటసోడా ముద్ద రాసినప్పుడు కుండ లోపల ఎరుపు చార కనిపిస్తే కంగారుపడవద్దు, అదే ఇది. కడిగేసి, కుండను కిటికీ దగ్గర ఎండలో బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టండి. కుర్కుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో మరక చాలా మటుకు పోతుంది. స్టీలు గరిటెతో కలిపాక కనిపించే బూడిదరంగు గీతలు కూడా చాలాసార్లు గాజు మీది గాట్లు కావు, గరిటె నుంచి రాలి అంటుకున్న లోహం. ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న పాత్రల పొడి తడి గుడ్డతో రుద్దితే పోతాయి. అయినా చెక్క తెడ్డు వాడటమే మేలు. అంటారియో సరస్సు నీటిలో సున్నం ఓ మోస్తరుగా ఉంటుంది కాబట్టి నీళ్లు మరిగించినప్పుడల్లా తెల్లటి పొర కడుతుంది. కాస్త వెనిగర్ కలిపిన గోరువెచ్చటి నీళ్లకు అది కరుగుతుంది. డిష్‌వాషర్‌లో వేసినా ఇప్పటికిప్పుడు ఏమీ కాదు, కానీ అందులోని గాఢమైన క్షారం ఏళ్ల మీద గాజు మెరుపును తినేస్తుంది. కుండ అంచున, మూత అంచున పూత పలచగా ఉంటుంది, అక్కడ తడి ఉంచితే తుప్పు పడుతుంది. తుడిచి, చుక్క నూనె రాయండి.

లోపల పెచ్చు ఊడితే ఆ కుండలో వంట ఆపేయాలి. బయటపడిన ఇనుము ప్రమాదకరం కాదు, దాని చుట్టూ ఉన్న గాజు అంచు మాత్రం వదులై, తర్వాతి పెచ్చు అన్నంలోకి రావచ్చు. బయటి వైపు పెచ్చు ఊడితే వంటకు అడ్డేమీ లేదు.

గాజు పూత వల్ల పోయేది ఒకటుంది, దాన్ని దాచకుండా చెప్పాలి. పూత లేని ఇనుములో పుల్లటివి ఎక్కువసేపు ఉడికితే ఆహారంలో ఇనుము పెరుగుతుంది. 1986లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన ఇనుప పాత్రల్లో వండిన పదార్థాలను కొలిచి ఇదే చూపించింది, తడి, పులుపు, ఎక్కువ సేపు ఉడకటం కలిసిన చోట పెరుగుదల ఎక్కువ. ఒషావా నుంచి రెండు గంటల కారు ప్రయాణం దూరంలో ఉన్న గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకుడు క్రిస్టఫర్ చార్ల్స్ కంబోడియా పల్లెల్లో కూర కుండలో వేసి ఉడికించే ఇనుప చేప ముక్కను ప్రయత్నించింది ఈ సూత్రం మీదే. తర్వాత అక్కడే జరిగిన పెద్ద పరీక్షలో అది ఆశించినంత ఫలితం ఇవ్వలేదు, అక్కడి రక్తహీనతకు పుట్టుకతో వచ్చే హీమోగ్లోబిన్ తేడాలు కూడా కారణం కావటం అందుకు ఒక హేతువు. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎనామిల్ కుండ ఇనుము ఇవ్వదు, గాజు దాన్ని పూర్తిగా ఆపేస్తుంది. ఇన్నాళ్లూ ఇనుప మూకుట్లో వండి ఇప్పుడు మొత్తం ఎనామిల్‌కు మారుతున్న ఇంట్లో గర్భిణులు, ఎదిగే ఆడపిల్లలు ఉంటే, తోటకూర వేపుడు, ఉల్లిపాయ కూర లాంటి పులుపు లేని పొడి కూరలను పాత మూకుట్లోనే కొనసాగించండి. వాటిలోకి దిగే ఇనుము కొద్దిగానే, దాన్ని నమ్ముకుని మందు మానకూడదు. నీరసం, ఆయాసం ఉంటే ఫ్యామిలీ డాక్టరును హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష కూడా రాయమని అడగండి.